సైకిలు ప్రయాణము – సంచిలోని సామగ్రి



ఈ రజతోత్సవ సభలో నన్ను భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. పుస్తకము తెచ్చుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, నాయంతట నేను కూడబలుకుకొని చదివినవాడను. కావున పండితులు చెప్పవలసిన దానిని పండితులకే విడిచి, నాకు అనుభవమున తెలిసిన యొక చిన్న విషయమును మనవి చేసెదను.

పండుగకు ఇంటికి వచ్చిన మన యువకులు ఈ గ్రంథాలయపు అరుగునకు ఆనించియుంచిన సన్నచక్రముల సైకిళ్లను మీరందరును చూచియుందురు. నగరమున కొలువు చేయుచు, సెలవు దినమున నూరు, నూటయేబది కిలోమీటర్లు వీనిపై పోయి వచ్చుచున్నారు. వారిలో నొక అబ్బాయి నన్నిట్లడిగెను: "బాబాయ్, దీనికి క్యారియరు లేదు, స్టాండు లేదు. దారికి కావలసినవి ఏవి పెట్టుకోవాలి? ఎక్కడ పెట్టుకోవాలి?" ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే ఈ ప్రసంగము.

మన పాత సైకిలు ఇరువది కిలోలకు తక్కువ తూగదు. ఈ క్రొత్త సైకిలు ఎనిమిది, పది కిలోలు మాత్రమే. తేలికయగుటయే దీని గుణము. దీనిపై మూటలు వేసిన ఆ గుణము పోవును. అట్లని వట్టిచేతులతో పోరాదు. ఏలయన దారిలోని చిన్న దుకాణమున దీనికి తగిన ట్యూబు దొరకుట అరుదు. మన సైకిలు టైరుపై 28 × 1½ అని యుండును. దీనిపై 700 × 25 అనియో, 28 అనియో యుండును. దీని గాలిముక్కు సన్ననిది. చక్రమునకు గల రంధ్రమును సన్ననిదే. మన లావు ముక్కు అందులో దూరదు. హైదరాబాదు మొదలగు నగరములలో బ్రెవే అను పేర దూరప్రయాణములు జరుగుచున్నవి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలో ముగింపవలెను. అది పందెము కాదు. కాని దారిలో ఎవరి సైకిలును వారే బాగుచేసికొనవలెను. అట్టి ప్రయాణమునకు వలయు సరకు ఇది:

ట్యూబు ఒకటి; దూరము హెచ్చైన రెండు. టైరు ఊడదీయు ప్లాస్టిక్ లీవర్లు రెండు. ప్యాచీ ముక్కలు, సొల్యూషను, కొంచెము ఉప్పుకాగితము. చేతిలో ఇముడు గాలిపంపు. 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలును, చైను పుల్లను తీయు పరికరమును ఒక్కటిగా మడిచిన పనిముట్టు. తెగిన చైనును కలుపు లింకు ఒకటి. ఇది మీ చైనుకు సరిపోవునదే కావలెను. పాత టైరు ముక్క యొకటి. టైరు చీలినపుడు లోపలివైపున దీనిని అడ్డము పెట్టిన ఇల్లు చేరవచ్చును. రాత్రి అగుననుకొన్న వెనుక ఎఱ్ఱదీపము. ఇవి గాక కొంత పైకము, పేరును, ఇంటివారి ఫోను నంబరును, రక్తపు వర్గమును వ్రాసిన కాగితము.

గాలి కొట్టుటకు వాయువు నింపిన చిన్న బుడ్డ్లు ఇపుడు వచ్చినవి. 16 గ్రాముల బుడ్డితో టైరు క్షణములో నిండును. కాని అది ఒక్కసారితో సరి. పంపునకు శ్రమ యున్నది గాని, గాలికి కరవు లేదు. బుడ్డి యున్నను పంపును విడువవలదు.

ఇవన్నియు సీటు క్రింది చిన్న సంచిలో పట్టును. పంపును చట్రమునకు బిగింపవచ్చును. నీటి సీసాలు రెండు చట్రముననే యుండును. ట్యూబును గుడ్డలో చుట్టి పెట్టవలెను. లేనిచో ఇనుప సామాను దానిని రాచి రాచి, మీరు విప్పునాటికి అదియే చిల్లు పడియుండును. సంచి ఊగకుండునట్లు బిగించి కట్టవలెను.

ఇంతటితో పట్టిక ముగిసినది. పట్టిక యున్నంత మాత్రమున ప్రయాణము సాగునా? సాగదు. ఇది నేను మిక్కిలి ప్రియము చెల్లించి నేర్చిన పాఠము.

నాకు భారత సంపుటములను ఒక్కొక్కటిగా ఎరువిచ్చి చదివించిన పంతులుగారు ఇచటికి 22 కిలోమీటర్ల దూరమున నివసించెడివారు. 1996వ సంవత్సరము వైశాఖ మాసమున ఒకనాటి ఉదయము, ఆయనకు జబ్బుగా నున్నదనియు, నన్ను చూడగోరుచున్నారనియు కబురు వచ్చెను. వెంటనే సైకిలెక్కితిని. నా సీటు క్రింద తోలుసంచి యుండెను, అందు పానా, ప్యాచీలు, సొల్యూషను, ఆకురాయి, చట్రమునకు పంపు. ఏ లోటును లేదని నా ధైర్యము.

సగము దారిలో తుమ్మముల్లు దిగెను. నీడకు చేరి, టైరు ఊడదీసి, చిల్లు కనుగొని, ఆకురాయితో రాచితిని. సొల్యూషను గొట్టమును నొక్కగా ఏమియు రాలేదు. చీల్చి చూచితిని, రాయివలె ఎండి యుండెను. రెండేండ్ల క్రిందట ఒకసారి వాడి, మూత సరిగా బిగింపక పెట్టితిని. పిమ్మట తెరచి చూడలేదు. ఆ వేళకు ఆ దారిని బస్సు లేదు. ఎండలో సైకిలును నెట్టుకొనుచు నడచితిని. దారిలోని దుకాణము మూసియుండెను. ప్రొద్దు వాలు వేళకు పంతులుగారి వీధి చేరితిని. వాకిట జనము నిలిచియుండిరి. తలవైపున దీపము పెట్టియుండెను.

ఆయన నాతో ఏమి చెప్పదలచిరో నేటికిని నాకు తెలియదు. ఒకరి తప్పు కాదు, నాదే. పరుల చిట్టాలలో పైసా తప్పు పట్టువాడను, నా సంచిలోని సరకును రెండేండ్లు తనిఖీ చేయలేదు. కాగితముపై నిలువ యున్నది, కొట్టులో సరకు లేదు. యుద్ధమధ్యమున రథచక్రము క్రుంగిన వేళనే కర్ణునికి అస్త్రమంత్రము స్ఫురింపకపోయెనని చదివినపుడు, అది కవి కల్పించిన చమత్కారమని తలచెడివాడను. ఆ దినము మొదలు అట్లు తలచుట లేదు.

నాటినుండి నాకొక నియమము ఏర్పడినది. ప్రతి మాసము మొదటి తేదీని సంచిని గుడ్డపై బోర్లించి, ఒక్కొక్క వస్తువును చేతబట్టి చూతును. వాడినదానిని ఆ రాత్రికే పూరింతును. ప్రతి వస్తువును రెండు ప్రశ్నలడుగుదును: నీవు ఏ ఆపదకు పనికివత్తువు? నిన్ను వాడుట నాకు వచ్చునా? రెండింటికిని జవాబు చెప్పలేనిది వట్టి బరువు.

రెండవ ప్రశ్నయే ముఖ్యము. 1913వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు గొప్ప పందెమగు టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అను వీరుడు టూర్మలె అను కనుమ దిగుచుండగా సైకిలు ముందు ఫోర్కు విరిగెను. ఇతరుల సాయము పొందరాదని నాటి నిబంధన. ఆయన సైకిలును మోసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సెంత్ మరీ ద కాంపాన్ అను గ్రామమున కమ్మరి కొలిమి చేరి, అధికారులు చూచుచుండగా తన చేతులతోనే ఫోర్కును అతికికొనెను. ఒక బాలుడు కొలిమితిత్తి ఊదినందులకు పది నిమిషముల దండనయు విధించిరి. గంటల కొలది కాలము పోయినను ఆయన విడువక సాగి, ఆ పందెమున ఏడవవాడుగా నిలిచెను. ఏ సంచిలోను కొలిమి పట్టదు. చేతిలోని విద్యకు మాత్రము తూనిక లేదు.

హనుమంతుడు ఓషధిని గుర్తింపలేక పర్వతమునే పెకలించి తెచ్చెను. ఆయనకు ఆ బలము గలదు. మన సీటు క్రింది సంచిలో పర్వతము పట్టదు. కావున మనము మొక్కను గుర్తించుట నేర్వవలెను. అబ్బాయిలారా! ఇంటివద్ద తీరికగా కూర్చుండి, చక్రము ఊడదీసి, ట్యూబు మార్చి, తిరిగి బిగించుట రెండుమారులు చేసి చూడుడు. క్రొత్త ట్యూబు వేయుటకు ముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయుడు. లేనిచో రెండవ ట్యూబును దానికే బలి. చీకటిలో నేర్చుకొందమనుకొన్నవానికి చీకటి పాఠము చెప్పదు.

ఈ గ్రంథాలయపు తొలి బీరువాలోని భారత సంపుటములు ఆ పంతులుగారివే. ఇంటివారు తరువాత వానిని మనకు ఇచ్చిరి. ఇరువదియైదేండ్లుగా వానిని చెదలు పట్టకుండ దించి, తుడిచి, ఎండబెట్టుచున్న వారికి నా వందనములు. దగ్గర నుంచుకొన్నది మనదియగుట లేదు. తెరచి చూచుకొన్నదియే మనది. పుస్తకమైనను అంతే, సంచియైనను అంతే.