హక్కుల సభకు పోనీయండి
(ఆదోనిలో సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఈ మధ్య ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి తల్లి ఒకామె నన్ను నిలదీసింది. "భాయ్‌సాబ్, మావాడు యూనివర్సిటీలో హక్కుల మీటింగులకు పోతుండాడంట. పోలీసోళ్ల కంట్లో పడితే ఎట్ల? నువ్వన్నా చెప్పగూడదా?" అని.

ఆమె భయం ఉత్తది కాదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంగారిని కాల్చి చంపారు. ఆ ఊళ్ళోనే కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్‌గారు ఉద్యోగం వదిలి హక్కుల పనిలోనే ఉండిపోయారు. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, మన పక్క బళ్ళారిలోనే. ఎన్‌కౌంటర్లను ప్రశ్నించారు, నక్సలైట్లు చేసిన హత్యలనూ తప్పుపట్టారు. 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడటానికి ముఖ్యులు ఆయనే. వకీలై పేదల కేసులు వాదించారు. 2009లో పోయారు. ఆయన పేర స్మారక సభలు జరుగుతూనే ఉన్నాయి.

అట్లాంటి సభలో మన పిల్లోడు వినేదేమిటి? రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, ప్రయాణ కాలం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలి. (ముందస్తు నిర్బంధ చట్టాల సంగతి వేరే.) కొడుకును జీపెక్కిస్తే రాత్రంతా స్టేషను బయట చేతులు కట్టుకొని నిలబడిన తండ్రులు మనలోనే ఉన్నారు. వాళ్ళకీ మాట ఎవరు చెప్పినారు?

ఆ తల్లితో అన్నాను: "పోనీయమ్మా, పరీక్షల రోజుల్లో మాత్రం వద్దను. వచ్చినాక ఏం విన్నాడో నీకు చెప్పమను."

"చూస్తాలే" అనింది. ఇంకా ఒప్పుకోలేదు.