తీరిక లేనివారికే ధ్యానం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



“ధ్యానమా? మాకు టైమెక్కడిది సార్?” అంటారు మనవాళ్లు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే అన్నదీ, ఇంట్లో బీడీలు చుట్టే చెల్లెలిదీ అదే మాట. నిజమే. కానీ 1856లో కన్నుమూసిన కాజీపేట దర్గా హజ్రత్ అఫ్జల్ బియాబానీ గారు వరంగల్ ఖాజీగా బాధ్యతలు మోసినవారే. అయినా ఏకాంత ధ్యానం విడువలేదని పెద్దలు చెబుతారు.

నమాజు తర్వాత మనం 33, 33, 34 సార్లు తస్బీహ్ చదువుతాం. వేళ్లు కదులుతాయి, మనసు మాత్రం దుకాణంలో ఉంటుంది! అక్కడే మరో పది నిమిషాలు కూర్చుందాం. ఊపిరితోపాటు మెల్లగా ఒకే నామం తలుద్దాం. మనసు పారిపోతే కోప్పడకుండా మళ్లీ పిలుచుకుందాం. ఒకే మాటను ఇలా ప్రశాంతంగా స్మరిస్తే శ్వాస, గుండె వేగం నెమ్మదిస్తాయని అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో పుస్తకమే రాశారు.

బి.పి. మాత్రలు మాత్రం మానవద్దు. ఇది మందుకు తోడే గాని బదులు కాదు. సాయంత్రం ఇంటికి చేరిన తండ్రి కసురుకోకుండా బిడ్డను దగ్గరకు తీసుకుంటే, ఆ పది నిమిషాలు వృథా పోనట్టే. ఈ రాత్రి ఇషా నుంచే మొదలుపెడదాం. సెలవు.