ఒక వీరవనిత విడిచిన వస్తువులు



గ్రంథాలయ సభలయందు గ్రంథములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. మేము నేడు కొన్ని చిన్న వస్తువులను గూర్చి మనవి చేయదలచితిమి. ఒక వైర్లెస్సు యంత్రము, ఒక వెండి పక్షి, ఒక నోటుపుస్తకము, ఒక గిన్నె. ఇవి రెండవ ప్రపంచ యుద్ధకాలమున నూర్ ఇనాయత్ ఖాన్ అను భారతసంతతి యువతి చేతులలో మెలగినవి.

ఆమె 1914వ సంవత్సరమున మాస్కో నగరమున జన్మించెను. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన వైణికుడు. మన హైదరాబాదునందే గురూపదేశమును పొంది సూఫీమతమును పాశ్చాత్యులకు బోధించిన మహనీయుడు. ఆయన వంశమునకు టిప్పు సుల్తాను వంశముతో సంబంధము గలదు. తల్లి అమెరికా వనిత. పారిసు చెంత పెరిగిన నూర్ వీణ నేర్చెను. బౌద్ధజాతక కథలను పిల్లలకై ఇంగ్లీషున వ్రాసి 1939లో ప్రకటించెను. 1940లో ఫ్రాన్సు జర్మనుల పాలైనంతనే ఇంగ్లండు చేరి, ఆ యేడు నవంబరులో వైమానికదళపు స్త్రీల శాఖయందు చేరి, వైర్లెస్సు విద్య నభ్యసించెను.

1942లో ఆఫీసరు పదవికై పరీక్షించిన పెద్దలు భారతస్వాతంత్ర్యమును గూర్చి ప్రశ్నింపగా, ఆమె తన యభిప్రాయమును దాచలేదు. యుద్ధము ముగియువరకు బ్రిటనుకు విధేయురాలనై యుందును గాని, పిమ్మట నా దేశపు స్వాతంత్ర్యమును బలపరుపవలసి యుండునని చెప్పెనట! ఉద్యోగము నడుగబోయి యజమాని యెదుట నిట్లు పలుకుట యెందరికి చేతనగును?

1943 జూను 16వ తేది రాత్రి ఆమెను రహస్యముగా ఫ్రాన్సునకు విమానమున బంపిరి. బయలుదేరు సమయమున, సాగనంపవచ్చిన పై యధికారిణి యంగీపై నున్న వెండి పక్షిని నూర్ మెచ్చుకొనగా, ఆమె దానిని తీసి యీమె కిచ్చెను. నూర్ కోరినది వేరొకటి: తన మరణము నిశ్చయమైనగాని దుర్వార్తను తల్లికి తెలుపవలదని. అట్టి పని మీద పోయిన వారి కుటుంబములకు కార్యాలయము వారే క్షేమమని ముక్తసరిగా జాబులు వ్రాయుచుండిరి. కన్నతల్లికి జాబు వచ్చును. అందు బిడ్డ చేవ్రాలు ఉండదు!

పారిసులో కొలది దినములకే సహచరులు పెక్కుమంది పట్టువడిరి. తిరిగి రమ్మని లండను వారు పిలిచినను ఆమె రాలేదు. పెట్టెలో నిమిడిన యంత్రమును మోసికొని, ఇండ్లు మార్చుచు, అక్టోబరు నడుమ వరకు వార్తలను బంపెను. తుదకు విశ్వాసఘాతమున జర్మనులకు చిక్కెను.

ఇచ్చట నోటుపుస్తకము మాట చెప్పక తప్పదు. తాను పంపిన సందేశములను ఆమె యందు వ్రాసి యుంచెను. సందేశములను భద్రపరచుటను గూర్చిన యాజ్ఞను ఆమె యపార్థము చేసికొనెనని కొందరు చరిత్రకారులందురు. అది శత్రువుల చేజిక్కెను. వారామె యంత్రముతోనే లండనుకు మాయవార్తలు పంపిరి; నమ్మి దిగినవారు వలలో బడిరి. వీరులను స్తుతించుచు వారి పొరపాటును మరుగుపరచుట మాకు సమ్మతము గాదు. నిజమును సహింపలేని కీర్తి కీర్తియే కాదు.

ఆమె రెండుమార్లు తప్పించుకొన జూచెను. అందుచే నవంబరులో జర్మనీకి గొనిపోయి, ఫోర్జ్‌హైము చెరసాలయందు సంకెలలతో పది నెలలు బంధించిరి. కాగితము లేదు, కలము లేదు. అన్నపు గిన్నె యడుగున గీచిన గీతలతో తోటి ఖైదీలకు తన మారుపేరును, లండనునందలి తల్లి యింటి చిరునామాను తెలిపెను. మేమెరిగినంతలో అంతకంటె చిన్న యుత్తరము లేదు, పెద్ద యుత్తరమును లేదు. 1944 సెప్టెంబరు 13న డాకౌ నిర్బంధశిబిరమున ఆమెను కాల్చిచంపిరి. అప్పటికామె వయస్సు ముప్పది సంవత్సరములు.

బ్రిటను 1949లో ఆమెకు జార్జి క్రాసు నొసగెను. 2012లో లండనున శిలావేదికపై ఆమె ప్రతిమ వెలసెను. 2020లో టావిటన్ వీధి నాలుగవ నంబరు యింటికి స్మారక ఫలకమును తాపించిరి. గిన్నె యడుగున గీచిన చిరునామా యదియే!

సోదరులారా! పరులు ఆమె గురుతులను కాపాడిరి. మన సంగతి యేమి? ఆ యుద్ధాంతమునకు భారతసైన్యమున సుమారు 25 లక్షల మంది యుండిరి. ఆజాద్ హింద్ ఫౌజున జేరినవారు వేరు. వారు ఏ జెండా క్రింద నిలిచిరని వాదులాడుటకు పూర్వము, వారు ఇంటికేమి వ్రాసిరో చదువవలదా? సెన్సారువారు నలుపు పూసిన జాబులు, జీతపు పుస్తకములు, రంగు వెలిసిన ఛాయాపటములు ఇనుప పెట్టెలలో చెదలకు ఆహారమగుచున్నవి. ఇల్లు మారినపుడు పాతకాగితముల వానికి తూకమున పోవుచున్నవి. తాత యేల పోయెనో మనుమని కెవరు చెప్పవలెను?

కావున ఈ గ్రంథాలయమువారికి మా విన్నప మొక్కటే. ఒక బీరువాను ఖాళీ చేయుడు. ఊరిలో ఇల్లిల్లు తిరిగి, అట్టి జాబులను అడిగి తెచ్చి, నకలు వ్రాయించి, అసలును ఇంటివారికే మర్యాదతో నప్పగింపుడు. పొగడ్తలను చేర్పకుడు, పొరపాట్లను చెరుపకుడు. గిన్నె మీద గీచిన గీత చరిత్రకెక్కగా, మన వారి కలముతో వ్రాసిన జాబులు బూడిద యగుట న్యాయమా?