గుడికి ముందు గోడను చూడండి



ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో ఎస్కోంబ్ అనే పల్లె ఉంది. అక్కడి చర్చిని సాక్సన్లు సుమారు క్రీ.శ. 675లో కట్టారు. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ, కిటికీలు చిన్నవి. దగ్గరలోని బించెస్టర్‌లో పాడుబడిన రోమన్ కోట రాళ్లు తెచ్చి గోడలు లేపారు. రోమన్ ఆరో సైనిక దళం పేరు చెక్కిన రాయి ఆ గోడలో తలకిందులుగా ఉంది. దక్షిణపు గోడ మీద పాతకాలపు ఎండగడియారం నేటికీ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న సమాధుల ఆవరణ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రటి హద్దు కూడా ఆ చోటి ప్రాచీనతకు ఒక గుర్తే.

ఇదంతా మనకెందుకంటారా? సరిగ్గా ఆ కాలంలోనే తుంగభద్ర ఒడ్డున అలంపూర్‌లో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు కట్టిస్తున్నారు. పేర్లు బ్రహ్మవి, లోపల కొలువైనవాడు శివుడు. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి ఏలుబడి (681-696) నాటిది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది 713 నాటి విజయాదిత్యుడి శాసనం. రాజాజ్ఞ మేరకు ఈశానాచార్యస్వామి అక్కడ ప్రాకారం కట్టించాడని అది చెబుతుంది. ఒక గోడ కోసం శాసనం వేయించారంటే, ఆవరణ కూడా గుడిలో భాగమేనని ఆనాటివాళ్లకు తెలుసన్నమాట.

మనం మాత్రం చెప్పులు విడిచి, దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుని వచ్చేస్తాం. ఈసారి కర్నూలు మీదుగా అలంపూర్ వెళ్తే, ముందు చుట్టూ ఒకసారి తిరగండి. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా అక్కడే ఉంది. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉండిన ఆ గుడిని శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడడానికి రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు జగన్నాథగట్టుకు తరలించిందీ ఆ ముంపు కారణంగానే. ఎస్కోంబ్ రాళ్లు కోట నుంచి చర్చికి నడిచాయి. మన రాళ్లు నది ఒడ్డు నుంచి ఊళ్లోకి వచ్చాయి.

ఎస్కోంబ్‌లో 1863లో కొత్త చర్చి కట్టుకుని పాతదాన్ని వదిలేశారు. పైకప్పు కూడా పోయింది. తర్వాత 1875-80 మధ్య ఆ ఊరి పాత చర్చినే బాగు చేసుకున్నారు. మన పల్లెల్లో జీర్ణోద్ధరణ అంటే ఏం జరుగుతోంది? శాసనాల మీద సున్నం, శిల్పాల మీద ఆయిల్ పెయింట్, నేల మీద టైల్స్. వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, వీరగల్లు, పశువులను కట్టేసే గుంజ అవుతోంది.

అందుకే నా మనవి ఒక్కటే. మీ ఊరి గుడి ఆవరణలో, చర్చి సమాధుల దగ్గర, దర్గా ముంగిట అక్షరాలున్న రాయి కనబడితే కదిలించకండి, రంగు వేయకండి. ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. కొత్తగా ఏం కట్టాలన్నా ఆ తర్వాతే మొదలుపెట్టండి.