చెవితో పట్టే గురి

(సెంటినరీ కాలనీలో మహిళలకు చెప్పిన మాటలు)



కంటి పరీక్ష సంగతి మన కాలనీలో అందరికీ ఎరుకే. బాయి దిగే మనిషిని కొన్నేళ్లకోసారి డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటాడు. చదువు రానివాళ్లకైతే ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని తిప్పి తిప్పి చూపిస్తారు. దాని కొమ్ములు ఏ దిక్కున ఉన్నాయో చేత్తో చూపాలి. ఇప్పుడు మీకు ఆ అవసరం లేదు. తెలుగు పలకే చదవగలరు.

ఆ పలకతోనే ఆటగాళ్లను కూడా కొలుస్తారు. ఆ ముచ్చట చెబుతాను.

చూపు లేనివాళ్లు తుపాకీతో గురి కొడతారు. నవ్వకండి, నేనూ మొదట నమ్మలేదు. గురి 10 మీటర్ల దూరంలో ఉంటుంది. తుపాకీ మీద ఒక చిన్న యంత్రం ఉంటుంది. అది గురి దగ్గరి వెలుతురును పసిగట్టి చెవిలో మోత వినిపిస్తుంది. గురి నడిమికి జరిగిన కొద్దీ మోత సన్నబడి పైకి పోతుంది. చెవి చెప్పినప్పుడు వేలు నొక్కాలి.

మరి కొంచెం కనబడేవాళ్లు, ఏమీ కనబడనివాళ్లు ఒకే పోటీలో ఉంటే అన్యాయం కాదా? క్రికెట్‌లో అయితే అన్యాయమే. అందుకే మూడు తరగతులు పెట్టారు. అసలు కనబడనివారు బీ1. కొంచెం కనబడేవారు బీ2. ఇంకొంచెం మెరుగ్గా కనబడేవారు బీ3. మంచి చూపుకు 60 మీటర్ల నుంచి కనబడే అక్షరం, 6 మీటర్ల దగ్గరికి వచ్చినా కష్టంగా కనబడితే బీ3. 2 మీటర్ల దాకా రావాలంటే బీ2. అద్దాలు పెట్టి, రెండింటిలో మెరుగైన కన్నుతో కొలుస్తారు. గొట్టంలోంచి చూసినట్టు చుట్టూ కనబడకపోయినా లెక్కే. జట్టు 11 మందిలో కనీసం నలుగురు బీ1 ఉండాలి. వాళ్లు కొట్టిన పరుగులు రెట్టింపు.

తుపాకీ గురికి మాత్రం ఈ మూడు వాటాలు లేవు. 2016లో పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. చూపు కొంచెం ఎక్కువున్నంత మాత్రాన ఈ పోటీలో మార్కులు పెరగడం లేదట. చెవి పనికి కన్ను కొలత దేనికి? నాకు ఈ మాట నచ్చింది. అయితే పోటీకి అర్హత ఉందా లేదా అని కన్ను చూడక తప్పదు. మోసం చేసేవాళ్లు ఉంటారు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ గెలిచింది. జట్టు 12 మందిలో 10 మందికి ఏ లోపమూ లేదని తర్వాత తేలింది. బంగారు పతకం వెనక్కి ఇచ్చారు.

'నాకు ఇంత తక్కువ కనబడుతుంది సారూ' అని డాక్టరు ముందు రుజువు చేసుకోవడం మనసుకు కష్టమే. పింఛను కాగితం కోసం నిలబడినవాళ్లకు ఆ బాధ తెలుసు. కానీ ఆ కాగితంతోనే ఆడపిల్లలు మైదానంలోకి వచ్చారు. 2025 నవంబరు 23న కొలంబోలో మన దేశపు చూపులేని ఆడపిల్లలు నేపాల్‌ను ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో పాడేరు ప్రాంతపు కరుణకుమారి ఉంది.

వాళ్లు ఆడే బంతి లాంటిది ఒకటి తెచ్చాను. లోపల ఇనుప గుండ్లు ఉన్నాయి. చేతికి తీసుకోండి. కళ్లు మూసుకోండి. నేల మీద దొర్లించి, ఎటు పోయిందో చెప్పండి.