గేమింగ్ ల్యాప్‌టాప్ ఫ్యాన్ అంత సౌండ్ ఎందుకు చేస్తుంది? ఎండాకాలం లెక్క ఇదీ!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సైడ్ ఎండలు ముదిరాయంటే చాలు, ఒకటే డౌట్: "అన్నా, గేమ్ ఓపెన్ చేయగానే ఫ్యాన్ విమానం లెక్క మోగుతుంది, ల్యాప్‌టాప్ పోయిందా?" ఈ భయంతోనే కొంతమంది అవసరం లేని రిపేర్‌కి డబ్బులు కట్టేస్తారు. ఇంట్లోవాళ్లు వడ్లు అమ్మిన డబ్బులతోనో, ఈఎంఐలోనో కొనిచ్చిన మెషిన్ అది. అందుకే ఈరోజు ఫ్యాన్ సంగతి పూర్తిగా చూద్దాం.

ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. సౌండ్ చేసే ఫ్యాన్‌ని చూసి భయపడకండి. మెషిన్ కాలిపోతున్నా తిరగని ఫ్యాన్‌ని చూసి భయపడండి.

లోపల ఏం జరుగుద్దంటే, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల మీదుగా రాగి హీట్ పైపులు ఉంటాయి. వాటిలో కొంచెం ద్రవం ఉంటుంది. చిప్ వేడికి అది ఆవిరై, పైపు చివర ఉన్న సన్నని రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ ద్రవంగా మారి వెనక్కి వస్తుంది. ఫ్యాన్ గదిలో గాలిని పీల్చి ఆ రేకుల మధ్య నుంచి బయటికి తోస్తుంది. అంతే. ఫ్యాన్ ఏసీ కాదు. గది గాలి ఎంత వేడిగా ఉందో, అంతకంటే కిందికి చిప్‌ని దింపలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. డిసెంబర్ రాత్రి మీ రూమ్ 22 డిగ్రీలు, గేమ్‌లో చిప్ 78 డిగ్రీలు అనుకుందాం. మే మధ్యాహ్నం అదే రూమ్ స్లాబ్ వేడికి 40 అయింది. తేడా 18. అదే గేమ్, అదే ఫ్యాన్ స్పీడ్ ఉంటే చిప్ దాదాపు 96కి వెళ్తుంది. చాలా ప్రాసెసర్లకి 95 నుంచి 100 దగ్గర లిమిట్ ఉంటుంది. అక్కడికి రాగానే చిప్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. మీకు ఎఫ్‌పీఎస్ పడిపోతుంది. అది జరగకుండా ఆపడానికే ఫ్యాన్ అంత గట్టిగా తిరిగేది. కాబట్టి ఈ మే సౌండ్‌ని పోయిన మే సౌండ్‌తో పోల్చండి, డిసెంబర్‌తో కాదు.

ఇంకో డౌట్. బ్రౌజర్ ఓపెన్ చేస్తే ఫ్యాన్ ఒక్కసారి లేచి మళ్లీ తగ్గుతుంది. అది మామూలే. ప్రాసెసర్ కొన్ని సెకన్లు ఫుల్ స్పీడ్‌కి వెళ్లి వస్తుంది. ఛార్జర్ పెట్టగానే సౌండ్ పెరిగినా ఛార్జర్ తప్పు కాదు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మెషిన్ పవర్ తక్కువ వాడుతుంది, అందుకే సైలెంట్.

మరి నిజంగా ప్రాబ్లమ్ ఎప్పుడు? ఏ పనీ లేకున్నా ఫ్యాన్ ఆగకుండా ఫుల్‌గా తిరుగుతుంటే టాస్క్ మేనేజర్ తెరిచి, వెనకాల సీపీయూని ఏ యాప్ తింటుందో చూడండి. గరగర, టకటక సౌండ్ వస్తే బేరింగ్ అరిగి ఉండొచ్చు, లేదా రెక్కలకి ఏదో తగులుతుండొచ్చు. గేమ్ ఆడుతుంటే బాడీ కాలుతుంది, కానీ గాలి రంధ్రాల దగ్గర చెయ్యి పెడితే గాలే తగలట్లేదు అంటే వెంటనే షట్‌డౌన్ చేసి మెకానిక్‌కి చూపించండి.

ఇక దుమ్ము. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. మిల్లుల పక్కన రూమ్ ఉంటే సన్నని పొట్టు దుమ్ము ఆ రేకుల మధ్య చేరి గడ్డకట్టుద్ది. వరికోత మిషన్ రేడియేటర్ జాలికి పొట్టు పట్టేస్తే ఇంజిన్ వేడెక్కుతుంది కదా, ఇదీ అంతే. ఫ్యాన్ గట్టిగా తిరుగుద్ది, గాలి మాత్రం బయటికి రాదు. అలాగని టైర్ల షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించకండి. అందులో నీటి తడి ఉంటుంది, ఆ ప్రెషర్‌కి ఫ్యాన్ పిచ్చిగా తిరిగి బేరింగ్ పోవచ్చు. క్లీన్ చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలు కదలకుండా పట్టుకోవాలి. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి.

ఈరోజే పైసా ఖర్చు లేకుండా చేసే పనులు మూడు. ఒకటి, ల్యాప్‌టాప్‌ని పరుపు మీద నుంచి తీసి టేబుల్ మీద పెట్టండి, వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి లేపండి. రెండు, గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ లిమిట్ 60 పెట్టండి, వేడి అక్కడే తగ్గుద్ది. మూడు, మధ్యాహ్నం మ్యాచ్‌లని రాత్రికి మార్చండి. సౌండ్ నచ్చలేదని సైలెంట్ మోడ్‌లో పెట్టి హెవీ గేమ్ ఆడితే మాత్రం పెర్ఫార్మెన్స్ మీరే పోగొట్టుకున్నట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫ్యాన్‌ని దాని పని చేసుకోనివ్వండి.

మీ రూమ్‌మేట్ కూడా ఇదే టెన్షన్‌లో ఉంటే ఈ వీడియో పంపండి.