వెండి అద్దం వెనుక రసాయనం



కర్బన రసాయనశాస్త్రం మన కళాశాలల్లో తరచు నల్లబల్లమీది సూత్రాల రూపంలోనే విద్యార్థికి పరిచయమవుతున్నది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, ప్రారంభ తరగతులకు ప్రయోగాలు ప్రదర్శిస్తూ పాఠం చెప్పేవారు. తమిళనాట జన్మించిన టి.ఆర్. శేషాద్రి 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ కర్బన రసాయన పరిశోధనను పెంపొందించి, 1949లో ఢిల్లీకి వెళ్ళారు. ప్రయోగశాలలో నేర్చుకొనే సంప్రదాయం ఈ దేశంలో ఏ ఒక్క ప్రాంతానిదీ కాదు.

ఆల్డిహైడులను గుర్తించే టోలెన్స్ పరీక్షను తీసుకొందాం. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ ఒకటి రెండు చుక్కలు వేస్తే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. అది కరిగేవరకు మాత్రమే అమోనియా ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా చేర్చాలి. కొద్దిగా గ్లూకోజు ద్రావణం కలిపి, పరీక్షనాళికను వేడినీటి బీకరులో కదలకుండా నిలిపితే, కొద్ది నిమిషాల్లో గాజు గోడమీద వెండి మెరుస్తుంది. గ్లూకోజు ఆక్సీకరణం చెందింది. వెండి అయాను లోహంగా మారింది. నాళిక శుభ్రంగా లేకపోతే అద్దానికి బదులు నల్లని మడ్డి మిగులుతుంది. ఇది వట్టి వినోదం కాదు. 19వ శతాబ్దిలో లీబిగ్ చూపిన ఈ మార్గం, పనివారి ఆరోగ్యాన్ని హరించిన పాదరసపు అద్దాల తయారీని క్రమంగా తొలగించింది.

అద్దం చూసి తరగతి ఆనందిస్తుంది. ప్రమాదం ఆ తరువాతనే పొంచి ఉంటుంది. మిగిలిన ద్రావణాన్ని మరునాటి తరగతికని సీసాలో దాచితే, నిలువ ఉన్నకొద్దీ, ముఖ్యంగా ఆరిపోతే, సిల్వర్ నైట్రైడ్ వంటి పేలుడు పదార్థం ఏర్పడవచ్చు. అది స్వల్పమైన తాకిడికే పేలగలదు. కనుక ఆ పూటకు కావలసినంతే తయారుచేసి, ప్రదర్శన ముగియగానే సజల హైడ్రోక్లోరికామ్లం చేర్చి, వెండిని తెల్లని క్లోరైడుగా అవక్షేపింపజేయాలి. సిల్వర్ నైట్రేట్ ఖరీదైనది; నిధులు చాలని కళాశాలలో దాచుకోవాలనిపించడం సహజమే. దాచవలసింది ఆ క్లోరైడును. ఈ కారణాన్ని విద్యార్థికి వివరించడం కూడా పాఠంలో భాగమే. హెచ్చరిక పలకలు దానికి ప్రత్యామ్నాయం కాజాలవు.

మంట వద్ద జాగ్రత్త వేరు. 2014 సెప్టెంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక పాఠశాలలో పెద్ద సీసానుండి మెథనాల్ పోస్తుండగా మంటలు ఎగసి విద్యార్థులు కాలిపోయి గాయపడ్డారు. దహనశీల ద్రవం నిండిన సీసా ప్రదర్శన బల్లమీద ఉండనే కూడదు. ఈథర్ ఆవిరి గాలికన్న బరువైనది. బల్లమీదుగా పాకిపోయి దూరాన ఉన్న దీపాన్ని అందుకోగలదు. వెలుగుతున్న స్పిరిట్ దీపంలో స్పిరిట్ పోయడం మన పాఠశాలల్లో ఇంకా పూర్తిగా పోని దురలవాటు.

ఎస్టర్ల పండ్ల వాసన చూపడానికి మంట అవసరమే లేదు, వేడినీరు చాలు. గాఢ సల్ఫ్యూరికామ్లం కొన్ని చుక్కలే వాడాలి, కళ్ళద్దాలు ధరించాలి, వాసనను అరచేతితో ముక్కువైపు వీచుకోవాలి.

కొన్ని చర్యలు మాత్రం నల్లబల్లమీదనే ఉండాలి. బెంజీన్ మానవులలో క్యాన్సర్‌కు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. దాని నైట్రేషన్‌ను తరగతిలో చేసి చూపనవసరం లేదు.